కాలికంటే ముందు కన్ను: వాహన చోదనలో ప్రతిచర్యా కాలం

రోడ్డు ప్రమాద మృతుల స్మారకోపన్యాస పాఠం, బేగంబజార్, హైదరాబాద్

ప్రతి సంవత్సరం నవంబరు నెల మూడో ఆదివారాన్ని రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారి సంస్మరణ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2005లో తీర్మానించింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 1993లో, బ్రిటన్‌లో బాధితుల పక్షాన నిలిచినవారు ఆ ఆచారానికి శ్రీకారం చుట్టారు. స్మారకోపన్యాసాలు సాధారణంగా ఒక పండితుని పేరునో, ఒక దాత పేరునో నిలపడానికి ఏర్పడతాయి. ఈ ఉపన్యాసానికి అలాంటి ఒక్క పేరు లేదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని రోడ్ల మీద 4,61,312 ప్రమాదాలు జరిగి, వాటిలో 1,68,491 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. అన్ని పేర్లలోంచి ఒక పేరును ఎంచి పెట్టుకోవడానికి ఎవరికీ హక్కు లేదు గనుక, ఈ ఉపన్యాసం ఆ అందరి స్మృతికీ చెందుతుంది.

విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. అడ్డంగా ఏదో వచ్చినప్పుడు, అది కంటబడిన క్షణానికీ బ్రేకు పట్టుకున్న క్షణానికీ మధ్య గడిచే కాలాన్ని మనోవిజ్ఞాన శాస్త్రం ప్రతిచర్యా కాలం అంటుంది. ఈ కాలాన్ని తగ్గించుకోవచ్చునా, తగ్గించుకుంటే ప్రమాదాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. దీనికి జవాబు వెతికేవారు చాలామంది చురుకైన చేతులను, చురుకైన కాళ్లను తలచుకుంటారు. వయసులో ఉన్నవాడు చటుక్కున బ్రేకు వేయగలడు కాబట్టి కొంచెం వేగంగా పోయినా ఫరవాలేదని నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. నరాల వేగం పెంచుకోవడానికి మనిషికి ఉన్న అవకాశం చాలా కొద్దిది. ఆశ్చర్యపోకుండా ఉండడానికి ఉన్న అవకాశం మాత్రం చాలా పెద్దది. ఆ రెండింటి మధ్య తేడాను వివరించడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం. ఆ వివరణకు బేగంబజార్ కంటే అనువైన చోటు హైదరాబాద్‌లో మరొకటి దొరకదు.

మనిషి ప్రతిచర్యకు కాలం పడుతుందన్న సంగతి మొదట రోడ్డు మీద బయటపడలేదు, ఆకాశాన్ని చూసేవారి మధ్య బయటపడింది. 1796లో గ్రీనిచ్ వేధశాలాధిపతి నెవిల్ మాస్కెలిన్ తన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్‌ను పనిలోంచి తొలగించాడు. దూరదర్శినిలోని తీగను నక్షత్రం దాటిన సమయాన్ని, గడియారం టిక్కుటిక్కులు చెవితో వింటూ, నక్షత్రాన్ని కంటితో చూస్తూ రాసుకోవడం ఆనాటి పద్ధతి. కిన్నెబ్రూక్ రాసిన సమయాలు యజమాని సమయాలకంటే సెకనులో పదింట ఎనిమిది వంతులు ఆలస్యంగా ఉన్నాయన్నది అతని మీద పడ్డ నేరం. తరువాతి తరంలో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ ఆ వృత్తాంతాన్ని చదివి, ఇతర పరిశీలకులతో తన సమయాలను పోల్చి చూసుకుని, ఇద్దరు నిపుణుల మధ్య కూడా ఇలాంటి తేడా ఉంటుందని తేల్చి చెప్పాడు. కిన్నెబ్రూక్ అజాగ్రత్తపరుడు కాడు, మనిషి మాత్రమే. ఈ నగరానికి ఆ చరిత్రతో దూరపు చుట్టరికం ఉంది: నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పగా, తరువాత నిజాం ప్రభుత్వం స్వీకరించి బేగంపేటకు తరలించిన నిజామియా వేధశాల, ప్రపంచ నక్షత్ర పట్టికలో తన వంతు ఆకాశ భాగాన్ని ఫొటో పలకల మీద నమోదు చేసింది. కన్నూ చెవీ కలిసి చేసే పొరపాటును తప్పించుకోవడానికి ఖగోళ శాస్త్రం పలకలను, యంత్రాలను ఆశ్రయించగలిగింది. డ్రైవరుకు ఆ సౌకర్యం లేదు. అతను తన కంటితో, తన చెవితోనే పని నడిపించుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ కాలాన్ని ముక్కలుగా విడదీసి చూడడం మొదలైంది. నరాల్లో సంకేతం క్షణంలో చేరిపోతుందని అంతవరకు అనుకున్నదాన్ని హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద ప్రయోగం చేసి తోసిపుచ్చాడు; ఆ సంకేతం వేగం సెకనుకు కొన్ని పదుల మీటర్లకు మించదని తేలింది. 1868లో నెదర్లాండ్స్‌కు చెందిన డాండర్స్ మరొక అడుగు ముందుకు వేసి, ఒకే సంకేతానికి ఒకే జవాబు ఇవ్వడానికి పట్టే కాలం కంటే, అనేక సంకేతాల్లో ఏది వచ్చిందో గుర్తించి దానికి తగిన జవాబు ఎంచుకోవడానికి పట్టే కాలం ఎక్కువని చూపాడు. మొదటిదాన్ని సరళ ప్రతిచర్య అని, రెండోదాన్ని ఎంపిక ప్రతిచర్య అని అంటారు. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఆరోగ్యవంతుడైన యువకునికి దాదాపు 0.2 సెకను పడుతుంది. శబ్దానికైతే అంతకంటే కొంచెం తక్కువ. వికల్పాలు పెరిగేకొద్దీ, అవి రెట్టింపయిన ప్రతిసారీ, ఈ కాలం దాదాపు ఒకే మేర పెరుగుతూ పోతుందని 1952లో హిక్ నిరూపించాడు.

మన దేశంలో సివిల్ ఇంజనీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ ఇదే విషయాన్ని మరో రూపంలో నేర్చుకుంటాడు. చూడడం, చూసినదాన్ని పోల్చుకోవడం, దాని పట్ల మనసులో భయమో తొట్రుపాటో కలగడం, ఏం చేయాలో నిశ్చయించుకోవడం అనే నాలుగు దశలకు కలిపి పట్టే కాలాన్ని రహదారి పాఠ్యపుస్తకాలు డ్రైవరు ప్రతిచర్యా కాలంగా లెక్కిస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రహదారులు రూపొందించేటప్పుడు ఈ మొత్తానికి 2.5 సెకన్లు కేటాయించింది. గదిలో కూర్చుని మీట నొక్కేవాడికి 0.2 సెకను చాలుతుండగా, రోడ్డు వేసేవారు పన్నెండు రెట్లకు మించి ఎందుకు విడిచిపెట్టారన్నది ఆలోచించదగిన సంగతి. నరాలు నెమ్మదిగా ఉన్నాయని కాదు. బ్రేకు మీద కాలు వేసేందుకు పట్టే కాలంలో ఎక్కువ భాగం, వచ్చిందేమిటో మనిషికి తెలియకపోవడానికే ఖర్చవుతుంది. అమెరికాలోను, ఐరోపాలోను జరిగిన కొలతలను కలిపి చూసిన పరిశోధకులు, బ్రేకు వేయవలసి వస్తుందని ముందే తెలిసిన డ్రైవరు దాదాపు 0.75 సెకనులో వేస్తాడనీ, ముందు తెలియనివాడికి 1.25 సెకను, పక్కనుంచి ఊహించని రీతిలో ఏదైనా అడ్డం వస్తే 1.5 సెకను వరకు పడుతుందనీ తేల్చారు. అదే మనిషి, అవే నరాలు, అదే కాలు. ఆశ్చర్యం ఉన్నప్పుడు రెట్టింపు, లేనప్పుడు సగం.

ఈ అంకెలను బేగంబజార్ వీధిలో పెట్టి చూడాలి. నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలంలో వెలసిన బజారని చెప్పే ఈ ప్రాంతం మోటారు వాహనం పుట్టకముందే రూపుదిద్దుకుంది. ఏనుగుల సాలను గుర్తుచేసే ఫీల్‌ఖానా పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ కాలపు సందుల వెడల్పు కూడా చాలాచోట్ల నిలిచే ఉంది. ఛత్రి నుంచి సిద్దిఅంబర్ బజార్ వైపు నడిచినా, చేపల మార్కెట్ మీదుగా తిరిగినా, ఉస్మాన్‌గంజ్ దిక్కుకు మళ్లినా, ఒకే ఇరుకు దారిలో బస్తాలు వేసిన తోపుడు బండి, సగం బయటికి పొడుచుకొచ్చిన ఇనుప గొట్టాలతో ట్రాలీ ఆటో, జిల్లాలనుంచి సరుకు కొనడానికి వచ్చి సంచులు మోసుకుపోతున్న కిరాణా వ్యాపారి, ఇద్దరు పిల్లలతో స్కూటీ మీద వెళ్తున్న తల్లి, గోడవారగా లారీ దింపుతున్న హమాలీలు ఒక్కసారిగా కంటబడతారు. హిక్ చెప్పిన వికల్పాలు ఇక్కడ ఎనిమిదో పదహారో కావు, అంతులేనివి. శాస్త్రం చెప్పినదాని ప్రకారం ఇక్కడ ప్రతిచర్యలు నగరమంతటిలోనూ అతి నెమ్మదిగా ఉండాలి.

అయినా ఈ వీధుల్లో రోజూ వాహనం నడిపేవారు గుద్దుకోకుండా పోగలుగుతున్నారంటే అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది వేగం: పగటివేళ ఇక్కడ బండ్లు గంటకు పది, పదిహేను కిలోమీటర్లకు మించి కదలలేవు. రెండోది ఎదురుచూపు: ప్రతి సందు మొగలోంచి బండి వస్తుందని ఇక్కడ తిరిగే డ్రైవరు ముందే అనుకుంటాడు, కాలు బ్రేకు మీదే ఉంచుతాడు, రాకపోతేనే ఆశ్చర్యపోతాడు. తోపుడు బండి తోసే హమాలీ ‘బాజూ, బాజూ’ అని అరుస్తూ పోవడం ఈ వ్యవస్థలో ఒక భాగం. చెవికి తాకిన సంకేతానికి మనిషి కంటికి తాకినదానికంటే త్వరగా స్పందిస్తాడు. పైగా ఆ అరుపు వీపు వెనకనుంచి కూడా వినబడుతుంది, ఎటునుంచి వస్తున్నదో కూడా చెబుతుంది, బండి చేరడానికి ముందే దారి ఖాళీ చేయిస్తుంది. శాస్త్రజ్ఞులు ముందస్తు సంకేతం అని పేరు పెట్టినదాన్ని హమాలీలు ఎవరూ నేర్పకుండానే ఆచరిస్తున్నారు. అదే పని హారన్ చేయలేకపోవడానికి కారణం స్పష్టమే: పదిమంది ఒకేసారి, ఆపకుండా, ఏ కారణమూ లేకుండా మోగించే శబ్దంలో వార్త ఏమీ మిగలదు, వినేవారి మెదడు దాన్ని వర్షం చప్పుడులా పక్కన పెట్టేస్తుంది, నిజంగా అవసరమై మోగించినప్పుడు కూడా.

హమాలీ గురించి మరొక మాట చెప్పుకోక తప్పదు. క్వింటాళ్ల కొద్దీ బరువు వేసిన తోపుడు బండికి బ్రేకు లేదు. దాన్ని ఆపేది తోసేవాడి మడమలు, నడుము. అతని కన్ను ఎంత చురుకైనదైనా, అతని శరీరం ఆ బరువును ఆపడానికి కొన్ని అడుగులు పడుతుంది. పక్కకు దూకే వీలు అసలే లేదు, ఎందుకంటే దూకితే బండి ఇంకెవరి మీదికో పోతుంది. ప్రతిచర్యా కాలం భారం రోడ్డు మీద అందరి మీదా సమానంగా పడదు. మోటారు ఉన్నవాడికి బ్రేకు ఉంది, బ్రేకు ఉన్నవాడే ముందు ఆగాలి. ఇది మర్యాద ప్రశ్న కాదు, భౌతిక శాస్త్రం విధించిన న్యాయం.

వేగం గురించిన లెక్కను ఒకసారి నిదానంగా చూడవలసి ఉంది. బ్రేకు వేయడానికి ముందు బండి పోయే దూరాన్ని ప్రతిచర్యా దూరమని, బ్రేకు వేశాక ఆగేవరకు పోయేదాన్ని బ్రేకు దూరమని, రెండూ కలిపితే ఆగే దూరమని అంటారు. మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉన్నాయనుకుని, వేగం సెకనుకు సెకనుకు ఐదు మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 8.3 మీటర్లు పోతుంది. ఊహించని అడ్డంకికి 1.5 సెకను పడితే, బ్రేకు వేయకముందే 12.5 మీటర్లు, వేశాక మరో 7 మీటర్లు, మొత్తం 19.5 మీటర్ల దగ్గర ఆగుతుంది. ఇప్పుడు అదే చోట, అదే అడ్డంకిని, అదే చురుకుతనం ఉన్న మరొకడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తూ చూశాడనుకుందాం. 1.5 సెకనులో అతను 20.8 మీటర్లు పోతాడు. అంటే మొదటివాడు పూర్తిగా ఆగి నిలబడిన చోటికి రెండోవాడు వచ్చేసరికి, అతని కాలు ఇంకా బ్రేకుకు చేరలేదు. అతను ఆ చోటును 50 కిలోమీటర్ల పూర్తి వేగంతోనే ఢీకొంటాడు. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చినవాడు కూడా అక్కడికి చేరేసరికి ఇంకా గంటకు 35 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. ఇరవై కిలోమీటర్ల తేడాను గడియారంలో కొన్ని నిమిషాల లాభంగా చూడడం అలవాటైనవారు ఈ లెక్కను ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి.

ఇదే లెక్కలో రెండో పాఠం కూడా ఉంది. కంప్యూటర్ ఆటలతోనో, ఫోనులో దొరికే మీట నొక్కే పరీక్షలతోనో సాధన చేసి ఎవరైనా తన సరళ ప్రతిచర్యను 0.05 సెకను తగ్గించుకున్నా, 30 కిలోమీటర్ల వేగంలో అతనికి దక్కే లాభం 40 సెంటీమీటర్లు. ఆ సాధన ఆ ఆటకే పనికొస్తుంది. అదే డ్రైవరు అడ్డంకిని ముందే ఊహించి 1.5 సెకనుకు బదులు 0.75 సెకనులో బ్రేకు వేయగలిగితే దక్కే లాభం ఆరు మీటర్లకు పైమాట. పదిహేను రెట్లు.

క్రీడల్లో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. జయసింహ, అజారుద్దీన్, లక్ష్మణ్ ఆడిన నగరంలో దాన్ని ప్రస్తావించడం సముచితం. ఫాస్ట్ బౌలర్ చేతినుంచి బంతి బ్యాటర్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. కాబట్టి గొప్ప బ్యాటర్ల నరాలు అందరికంటే చురుకైనవని లోకమంతా నమ్ముతుంది. 1987లో పీటర్ మెక్‌లియాడ్ అనే మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు పిచ్ మీద పరచిన చాప కింద కర్రలు దాచి, పడిన తరువాత బంతి ఎటు తిరుగుతుందో ఎవరూ ఊహించలేనట్టు చేసి, వృత్తి క్రికెటర్లను ఆడించి చిత్రీకరించాడు. బంతి తిరిగిన తరువాత బ్యాటు దిశ మార్చుకోవడానికి వారికి కూడా 0.2 సెకనుకు దగ్గరగా పట్టింది. సామాన్యుడికి పట్టేది కూడా అంతే. 2000లో ఆయనే మైకేల్ ల్యాండ్‌తో కలిసి బ్యాటర్ల కంటి కదలికలను నమోదు చేసినప్పుడు, నిపుణుడైన బ్యాటర్ చూపు బంతిని వెంబడించకుండా, అది నేల తాకబోయే చోటికి ముందుగా దూకి అక్కడ కాచుకుని ఉంటుందని, అనుభవం తక్కువైనవాడి చూపు ఆలస్యంగా చేరుతుందని కనబడింది. అజారుద్దీన్ మణికట్టు లెగ్ సైడ్‌కు బంతిని మళ్లించడం చూసి ఆనందించినవారు ఆ మణికట్టుకు ముందే కన్ను పని చేసిందని గుర్తుంచుకోవాలి. డ్రైవరు విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది: అనుభవజ్ఞుడి కాలు వేగంగా కదలదు, అతని చూపు ముందుగా చేరుతుంది.

ఆ చూపును ఎలా పెంచుకోవాలన్నదే అసలు శిక్షణ. ముందున్న బండి వెనక దీపాల మీదే చూపు నిలపకుండా, దానికి ముందున్న రెండో మూడో బండిని, ఆగి ఉన్న ఆటో కింద కనిపించే కాళ్లను, అద్దం లోపల కదిలే తలను, తలుపు తెరవబోతున్న కారు చక్రాన్ని, బడి వదిలే వేళను, బంతి దొర్లివస్తే వెనక వచ్చే పిల్లవాణ్ణి వెతుక్కుంటూ పోవడం అలవాటు చేసుకోవాలి. కొన్ని దేశాల్లో శిక్షకులు నేర్పే ఒక పద్ధతి ఇక్కడా అందరికీ సాధ్యమే: పక్కన అనుభవజ్ఞుణ్ణి కూర్చోబెట్టుకుని, కనిపిస్తున్న ప్రతి అపాయాన్నీ పైకి చెబుతూ నడపడం. ‘కుడివైపు సందు, బండి రావచ్చు, ఎడమ ఆటో ఆగబోతోంది, ముందు ముసలాయన ఇంకా మనల్ని చూడలేదు’ అని నోటితో అంటూ నడిపితే, చూడకుండా వదిలేసినవి ఏవో పక్కనున్నవారికి తెలిసిపోతుంది. బ్రిటన్ 2002 నవంబరులో డ్రైవింగ్ పరీక్షలో అపాయ గ్రహణ పరీక్షను చేర్చి, తెర మీద నడిచే వీధి దృశ్యంలో అపాయం రూపుదిద్దుకుంటున్న క్షణాన్నే అభ్యర్థి గుర్తించాలని నియమం పెట్టింది. మన దగ్గర ద్విచక్ర వాహనానికి ఎనిమిది అంకె ఆకారంలోను, కారుకు హెచ్ అక్షరం ఆకారంలోను ట్రాక్ మీద తిరిగి చూపడం పరీక్షగా ఉంది. నాగోల్ ట్రాక్ మీద ఎనిమిది తప్పక తిరిగిన కుర్రవాడికి బేగంబజార్ సందు మొగ ఒక్కటీ పరీక్షలో ఎదురుకాదు. బండిని లొంగదీసుకోవడం నేర్పే పరీక్ష ఉంది, వీధిని చదవడం నేర్పే పరీక్ష లేదు. ఈ లోటు పూడ్చవలసినదే.

కాలి పని తేలికైనదే గానీ నిర్లక్ష్యం చేయరానిది. యాక్సిలరేటర్ మీదనుంచి బ్రేకు మీదికి కాలు జరగడానికే దాదాపు పావు సెకను పడుతుంది. జనం, సందు మొగ, ఆగిన బస్సు దగ్గరకు వచ్చేసరికి ముందే కాలు బ్రేకు మీద తేలికగా ఆనించి ఉంచితే, 30 కిలోమీటర్ల వేగంలో రెండు మీటర్లు మిగులుతాయి. అది ఒక తోపుడు బండి వెడల్పుకు ఎక్కువే. ద్విచక్ర వాహనం నడిపేవారికి వేరే చిక్కు ఉంది. ఇంట్లో గేర్లు లేని స్కూటరూ, గేర్ల బైకూ రెండూ ఉంటే, స్కూటరు ఎడమ చేతి మీట బ్రేకు, బైకు ఎడమ చేతి మీట క్లచ్. రోజూ స్కూటరు నడిపేవారు ఒక్క పూట బైకెక్కి, అకస్మాత్తుగా అడ్డంకి వచ్చినప్పుడు ఎడమ చేతి మీటను గట్టిగా నొక్కితే బండి ఆగదు, ఇంజను పట్టు వదిలి ఇంకా దొర్లిపోతుంది. అలవాటు ఎంత బలమైనదో, తప్పు అలవాటు ప్రతిచర్యా కాలానికి అంత హాని చేస్తుంది. బండి మార్చినప్పుడల్లా ఖాళీ చోట నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూసుకోవడం అనవసరమైన జాగ్రత్త కాదు. ముందు బ్రేకు వేస్తే పడిపోతామన్న భయంతో వెనక బ్రేకునే నమ్ముకునేవారు కూడా చాలామంది ఉన్నారు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి జరుగుతుంది కాబట్టి ఆపే శక్తిలో పెద్ద భాగం అక్కడే ఉంటుంది. 125 సీసీ లోపు కొత్త బండ్లకు రెండు బ్రేకులు కలిసి పడే ఏర్పాటు, అంతకంటే పెద్దవాటికి చక్రం జామ్ కాకుండా ఆపే ఏర్పాటు 2019 నుంచి తప్పనిసరి అయ్యాయి. ఆ ఏర్పాట్లు బ్రేకు దూరాన్ని అదుపులో ఉంచుతాయి. ప్రతిచర్యా దూరాన్ని ఒక్క అంగుళం కూడా తగ్గించవు.

ముందున్న బండికి వదలవలసిన ఎడం గురించి చెప్పనక్కరలేనంత తరచుగా చెబుతూనే ఉంటారు, పాటించేవారు తక్కువ. ముందు బండి ఒక స్తంభాన్ని దాటిన క్షణం నుంచి ‘వెయ్యీ ఒకటి, వెయ్యీ రెండు’ అని నిదానంగా లెక్కపెట్టి, లెక్క పూర్తయ్యాకే తన బండి ఆ స్తంభాన్ని చేరేటట్టు చూసుకుంటే రెండు సెకన్ల ఎడం ఉన్నట్టు. వాన పడ్డప్పుడు, చేపల మార్కెట్ దగ్గరిలా రోడ్డు నీళ్లతో జారుడుగా ఉన్నప్పుడు, దాన్ని రెట్టింపు చేయాలి.

ఇంతవరకు ప్రతిచర్యను మెరుగుపరచుకోవడం గురించి. దాన్ని దోచుకుపోయేవి మూడు: నిద్రలేమి, మద్యం, ఫోను. మద్యం విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించితే నేరం. నిద్ర విషయంలో చట్టం చేతికి కొలమానం లేదు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరిని నిద్ర లేకుండా మేల్కొనే ఉంచి, అదే పరీక్షలో మద్యం తాగినప్పుడు వారు చూపిన పనితీరుతో పోల్చారు; పదిహేడు గంటలు మేల్కొని ఉన్నవారి పనితీరు వంద మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారి పనితీరుకు సమానమైంది. బేగంబజార్‌కు ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. భారీ వాహనాల మీద పగటి ఆంక్షలు ఉన్నందువల్ల సరుకు లారీలు రాత్రివేళ చేరతాయి, వాటిని దింపడానికి, దింపిన సరుకును జిల్లాలకు పంపడానికి మనుషులు తెల్లవారకముందే లేస్తారు. నాలుగు గంటలకు లేచిన ట్రాలీ డ్రైవరు రాత్రి తొమ్మిది గంటలకు చివరి లోడుతో బయలుదేరితే, అతను ఒక్క చుక్క తాగకపోయినా, అతని ప్రతిచర్య చట్టం ఒప్పుకునే హద్దును దాటినవాడిదే. శ్వాస పరీక్ష యంత్రం అతణ్ణి పట్టుకోదు. దీన్ని డ్రైవరు ఒక్కడి నేరంగా చూడడం అన్యాయం. చివరి లోడు తప్పదని ఆజ్ఞాపించేవారు ఉన్నంతకాలం ఆ నేరంలో వారికీ వాటా ఉంటుంది.

ఫోను గురించి ఒక దృశ్యం ఈ నగరంలో అందరికీ పరిచితమే: హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోను ఇరికించి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి కదా అన్న ధీమాతో మాట్లాడుతూ పోవడం. ప్రయోగశాలల్లో స్ట్రేయర్, ఆయన సహచరులు 2001 తరువాత జరిపిన పరిశోధనల్లో, ఫోనును చేతిలో పట్టుకున్నవారికీ, చేతులు ఖాళీగా ఉంచుకున్నవారికీ మధ్య ప్రతిచర్యల్లో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కళ్లు రోడ్డు మీదే ఉన్నా, మాటల్లో మునిగిన మనసు కళ్ల ముందున్నదాన్ని చూడకుండా వదిలేస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవారికి హమాలీ కేక కూడా వినిపించదు. తన వెనకనుంచి వచ్చే ‘బాజూ’ను వినకుండా చేసుకున్నవాడు తన కాలాన్ని మాత్రమే కాదు, ఆ బండి తోసేవాడి కాలాన్ని కూడా పోగొడుతున్నాడు.

చెప్పవలసిన మరొక పెద్ద ప్రమాదం బజారు బయట ఉంది. రోజంతా పది కిలోమీటర్ల వేగంతో, ప్రతి మొగ దగ్గరా ఎదురుచూస్తూ నడిపిన డ్రైవరు, రాత్రికి 158 కిలోమీటర్ల పొడవున్న ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అతని చుట్టూ ఉన్న ప్రపంచం ఒక్కసారి ఖాళీ అయిపోతుంది. ఎదురుచూడవలసినది ఏదీ లేదనిపిస్తుంది, కాలు యాక్సిలరేటర్ మీద నిలిచిపోతుంది, కన్ను మత్తెక్కుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 1.5 సెకనుకు 33 మీటర్లు, ఆగడానికి మొత్తం 83 మీటర్లు పడుతుంది. పరిమితికి మించి ఇనుము ఎక్కించిన ట్రాలీ బ్రేకులకు అంతకంటే ఎక్కువే పడుతుంది. దీపాలు లేకుండా రోడ్డు అంచున ఆగి ఉన్న లారీని 83 మీటర్ల దూరంలో చూడగలిగే హెడ్‌లైట్లు ఎన్ని బండ్లకు ఉన్నాయో ఎవరికి వారే చూసుకోవచ్చు. చాలాసేపు వేగంగా నడిపినవారికి వేగం తగ్గించినా ఇంకా ఎక్కువగా తగ్గించినట్టు తోచడం, తమ వేగాన్ని తక్కువగా అంచనా వేసుకోవడం కూడా మనోవిజ్ఞానం గుర్తించిన సంగతే. అందువల్ల హైవే దిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు మనసును కాదు, స్పీడోమీటరును నమ్మాలి.

రోడ్డు వేసేవారు 2.5 సెకన్లు ఇచ్చిన చోట ఆ సెకన్లను పౌరులు తిరిగి లాగేసుకుంటే శిక్షణ ఏదీ నిలవదు. సందు మలుపు దగ్గర పరచిన డబ్బాలు, మొగకు అడ్డంగా నిలిపిన ట్రాలీ, మూల మీద కట్టిన పందిరి, చీకట్లో మెరిసే స్టిక్కరు లేని తోపుడు బండి, ఇవన్నీ ఎవరో ఒకరి చూపును చివరి క్షణం వరకు ఆపి ఉంచుతాయి. మలుపు దగ్గర ఆరేడు మీటర్ల మేర చూపు విప్పితే, 15 కిలోమీటర్ల వేగంలో ఉన్న బైకు సందు లోపలినుంచి వస్తున్న పిల్లవాణ్ణి ఒకటిన్నర సెకను ముందే చూస్తుంది. ఏ యంత్రమూ, ఏ సాధనా ఆ ఒకటిన్నర సెకనుకు సాటి రాదు.

అందుచేత బేగంబజార్ వర్తకులకు ఈ ఉపన్యాసం తరఫున మూడు కోరికలు. తమ దుకాణం మూలను ఆరు మీటర్లు ఖాళీగా ఉంచండి. తమ సరుకు తోసే ప్రతి బండికీ వెనక ఎర్రగా మెరిసే పట్టీ అంటించండి. తెల్లవారుజామున పనిలోకి వచ్చిన డ్రైవరును రాత్రి చివరి లోడుకు పంపకండి. ఆ లోడు మరుసటి ఉదయం పోతుంది.